టిఫిన్ డబ్బాలో దవడలు

నా మాటల్లో సగం తీసేసి వినమని మా ఆవిడ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళకు ముందే చెప్పి పెడుతుంది. మంచి సలహానే. సర్కారు దవాఖాన పళ్ళ విభాగంలో టెక్నీషియన్‌గా ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసి, యాభై దాటీ దాటకముందే విరమణ తీసుకున్నాను. ఆ ఇరవై ఏళ్ళలో నేను చెప్పిన కథల్లో ఒక ముసలాయన కట్టుడు పళ్ళు గోదావరిలో పడిపోయి, మహదేవపూర్ దగ్గర చేప కడుపులో దొరికి, కడిగి పెట్టుకుంటే ముందుకన్నా బాగా కుదిరాయి. అందరూ నవ్వారు. ఇద్దరు నమ్మారు.

ఇప్పుడు చెప్పేదాంట్లోంచి మాత్రం ఏమీ తీసేయకండి. ఈ పని కొత్తగా నేర్చుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఇది చదువుతారనే ఆశతో రాస్తున్నాను. దీన్ని పెంచి చెప్పడానికి నాకే మనసొప్పలేదు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడూ అప్పటికి ఒకే జిల్లా. కాగితాల్లో మహబూబాబాద్ అని ఉన్నా మా నోట్లో అది మానుకోటే. నా ఇల్లు జనగామలో, ఉద్యోగం మానుకోటలో. రైలు ఉన్న రోజు రైల్లో, పట్టాల మీద జనం కూర్చున్న రోజు స్కూటర్ మీద వెళ్ళేవాణ్ణి. మెడలో ఉద్యమం కండువా ఉండేది.

మా పళ్ళ డాక్టరు కోస్తా నుంచి వచ్చిన కుర్రాడు. కాంట్రాక్టు ఉద్యోగం. బయట నినాదాలు వినిపిస్తే తల వంచుకుని, అప్పటికే కడిగిన పనిముట్లను మళ్ళీ కడిగేవాడు. పని మాత్రం ప్రాణం పెట్టి చేసేవాడు. దవడ నొప్పి అని ఎవరొచ్చినా ఒక్కడే చూడడానికి ఒప్పుకునేవాడు కాదు. చెవి డాక్టరును పిలిచేవాడు. భూపాలపల్లిలో బొగ్గుగని కార్మికుల నడుములు, మెడలు చక్కదిద్దే ఫిజియోథెరపిస్టు మేడమ్‌ను బతిమాలి నెలకొకసారి రప్పించేవాడు.

“దవడ కీలు ఒక్కరి సొత్తు కాదయ్యా,” అనేవాడు నాతో. “చెవి పక్కనే ఉంటుంది. మెడ బిగిస్తే అదీ బిగుస్తుంది. పళ్ళు ఎలా కలిస్తే అలా కదులుతుంది. ముగ్గురం ఒకే గదిలో నిలబడి చూస్తే తప్ప తెలీదు.”

మీ చెవి ముందు వేలు పెట్టుకుని నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేదే ఆ కీలు. అది మొండికేస్తే అన్నం ముద్ద కూడా కొండంత అవుతుంది.

ఆమె ఒక లంబాడా తండా నుంచి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, వెంట అన్న ఉన్నాడు. కుడి చెవి ముందు నొప్పి, నోరు తెరిస్తే టిక్కుమని చప్పుడు. నోట్లో రెండు వేళ్ళు కష్టంగా పడుతున్నాయి. అప్పటికే నెలల తరబడి చెవిలో చుక్కలు వేయించుకుంది. చెవిలో ఏమీ లేదని చెవి డాక్టరు తేల్చాక మా దగ్గరికి పంపారు. చీటీ రాసింది నేనే. పేరు, వయసు, ఊరు. ‘పని’ అని ఒక గడి ఉంటుంది. తండా పేరు వినగానే తల కూడా ఎత్తకుండా అందులో ‘కూలి’ అని రాశాను. అడగలేదు. ఆ తప్పు సంగతి తర్వాత చెబుతాను. దానికన్నా పెద్దది ఇంకొకటి చేశాను.

డాక్టరు పిల్లల సైజు ట్రేతో ఎలాగో ఆమె పళ్ళ అచ్చులు తీశాడు. నేను వాటిలో సుద్ద పోసి ఆరబెట్టాను. తర్వాత పళ్ళు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో చూడాలి. దానికి పల్చటి నీలి కాగితం ఉంటుంది. పళ్ళ మధ్య పెట్టి కరవమంటే, నిజంగా తగిలిన చోట మాత్రమే చుక్క పడుతుంది. ఆ కాగితం అయిపోయి పది రోజులైంది. బందుల వల్ల హైదరాబాదు నుంచి సరుకు రావడం లేదు. ఆ మాట చెప్పి ఊరుకోవచ్చు. కానీ నాకు నా తెలివి మీద మహా మోజు. ఆఫీసు టైపిస్టు దగ్గర కార్బన్ కాగితం తెచ్చి, గుర్రపు నాడా ఆకారంలో ముచ్చటగా కత్తిరించి, మడత పెట్టి, పాత డబ్బాలో సర్దేశాను.

డాక్టరు ఒక ముక్క చేతిలోకి తీసుకుని వేళ్ళతో నలిపాడు.

“ఇదేంటయ్యా, కాస్త మందంగా ఉంది?”

“కొత్త సరుకు సార్. జర్మనీది.”

ఎందుకన్నానో నాకే తెలియదు. నోరు తెరిస్తే కథ వచ్చే జబ్బు నాది. ఆయన నమ్మాడు. ఆమె కరిచింది. ఎడమ వైపు కింది దవడ పన్ను మీద పెద్ద నీలి మచ్చ పడింది. ఈ పన్ను ఎత్తుగా ఉంది, అందుకే దవడ పక్కకు జరుగుతోంది అన్నాడు డాక్టరు. ఆ మొనను మరతో కాస్త అరగదీశాడు. పన్ను మొన గోరు కాదు, మళ్ళీ పెరగదు.

రెండు వారాలకు వాళ్ళు తిరిగొచ్చారు.

“సార్, అప్పుడు నోట్ల రెండు వేళ్లు పట్టేటియి. ఇప్పుడు ఒక్కటే పడ్తంది,” అన్నాడు అన్న. “జొన్న గటక పల్సగ చేసి తాపుతున్నం. మందు పెట్టిన్రా, మన్ను పెట్టిన్రా?”

డాక్టరు ముఖం పాలిపోయింది. కార్బన్ కాగితం సంగతి అప్పుడే చెప్పాలి. చెప్పలేదు. ఆమెది తెరుచుకోని నోరు, నాది తెరవని నోరు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, “మొదటి రోజు అచ్చులు ఉన్నాయి కదా, వాటిని దవడలా కదిలే చట్రానికి ఎక్కించి తీసుకురా. గురువారం భూపాలపల్లి మేడమ్ కూడా ఉంటారు. అందరం చూసి రెండో వైపు కూడా అరగదీయాలా వద్దా తేలుద్దాం,” అన్నాడు. చట్రానికి బిగించే సుద్ద కూడా దవాఖానలో అయిపోయింది, ఇంట్లో కొంచెం ఉంది. అచ్చులు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని జనగామకు తెచ్చుకున్నాను.

గురువారం పొద్దున మా వాకిట్లో కూర్చుని చట్రంలో అచ్చులు బిగించాను. కింది దవడను మెల్లగా పైకి ఆనించాను. ఎత్తుగా ఉందని అరగదీసిన ఆ ఎడమ పన్ను అన్నిటితో పాటే తగులుతోంది. వెంట్రుకంత కూడా ముందుగా తగలడం లేదు. నీలి మచ్చ అబద్ధం. జర్మనీ సరుకు అబద్ధం. అరగదీత ఒక్కటే నిజం.

అప్పుడే పై వరస ముందు పంటి అంచున చిన్న గాటు కనబడింది. సుద్ద పోసేటప్పుడు గాలి బుడగ పడిందేమో అనుకుని మైనంతో పూడ్చబోయాను. అలాంటిదే కింది పంటి మీద కూడా ఉంది. పక్కనే మా ఆవిడ నా చొక్కాకు గుండీ కుడుతోంది. చివర్లో ముడి వేసి, దవడ ముందుకు చాచి, పళ్ళతో దారం పుటుక్కున కొరికింది.

మైనం కింద పెట్టేశాను. కింది అచ్చును ముందుకు, కాస్త కుడి పక్కకు జరిపాను. రెండు గాట్లూ ఎదురెదురుగా వచ్చి, తాళంలో చెవి తిరిగినట్టు కుదురుకున్నాయి. ఏళ్ళ తరబడి రోజుకు కొన్ని వందల సార్లు ఎవరో ఇక్కడ దారం కొరికారు. కొరికిన ప్రతిసారీ దవడ కీలు గూట్లోంచి ముందుకు, పక్కకు జారింది. జబ్బు పళ్ళలో లేదు, పనిలో ఉంది. ఆ పని ఏమిటో అడగకుండా ‘కూలి’ అని రాసినవాణ్ణి నేనే.

డాక్టరుకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. డ్యూటీలో ఉన్నంతసేపూ ఆయన ఫోన్ సొరుగులో పడేస్తాడు. ఆ రోజు రైళ్ళు లేవు. నేను చేరకపోతే ఏం చేస్తాడో నాకు తెలుసు. ఆమె అంత దూరం నుంచి నడిచి వచ్చి ఉంటుంది. వెనక్కి పంపడానికి మనసొప్పక, అచ్చులు లేకుండానే రెండో వైపు కూడా అరగదీస్తాడు. అచ్చులను మళ్ళీ డబ్బాలో పెట్టి స్కూటర్ తీశాను.

దేవరుప్పుల దాకా బాగానే వెళ్ళాను. కొడకండ్ల దగ్గర రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండి, దాని పక్కన మూడు రాళ్ళ పొయ్యి, గుండిగలో ఉడుకుతున్న పప్పు. వంటావార్పు. రోడ్డు మీదే వండుకుని రోడ్డు మీదే తినే నిరసన.

“దవాఖాన కేసన్నా, జర పోనియ్యి,” అన్నాను.

“అందరు గదే చెప్తున్నరు. కూసొని రెండు ముద్దలు తిని పో. డబ్బల ఏమున్నదే?”

“ఒక చెల్లె దవడ.”

వాళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఒకాయన డబ్బా లాక్కుని మూత తీశాడు. రెండు వరసల తెల్లని సుద్ద పళ్ళు ఆయన వైపు ఇకిలించాయి. “అవ్వో!” అని చేయి వెనక్కి లాక్కున్నాడు. “ఎవన్ని కోస్కచ్చినవ్ బే?”

నిజం చెబితే కదలడం లేదు. ఎండ నెత్తికెక్కుతోంది. నోరు దాని పని అది చేసుకుపోయింది.

“ఢిల్లీల పెద్ద నాయకునివి అన్నా. రాష్ట్రం ఇస్తనని మాటిచ్చిన పండ్లు ఇవే. మాట తప్పకుంట సాక్ష్యం కింద అచ్చు తీపిచ్చినం. మానుకోట మీటింగుల సూపియ్యాలె.”

పొయ్యి దగ్గరున్న ఆడవాళ్ళతో సహా అందరూ విరగబడి నవ్వారు. “పోనియ్యున్రి, పండ్లకు ఆలశ్యమైతుందట!” నలుగురు కలిసి ఎడ్లబండిని పక్కకు లాగారు. తొర్రూరు దగ్గర కూడా అదే అబద్ధం చెప్పాను, అక్కడా దారి దొరికింది.

మానుకోట చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. పళ్ళ విభాగం ముందు నలభై, యాభై మంది ఉన్నారు. తండావాళ్ళు, వాళ్ళకు తోడు జెండాలతో రోడ్డు మీంచి వచ్చినవాళ్ళు. అన్న గొంతు అందరికన్నా పైన వినిపిస్తోంది.

“మా చెల్లె నోరు ఖరాబ్ జేసిండు! గీ దినం సరిచేస్తెనే బయటికి పోనిస్తం!”

“ఆంధ్ర సార్లకు మన పండ్లంటె గింత అగ్గువనా?” అన్నాడు వెనక నుంచి ఎవడో.

నేను తలుపు తన్నుకుని లోపలికి దూకానని చెప్పాలని ఉంది. నిజమేమిటంటే ఆ తలుపు తొయ్యాలన్న సంగతి ఖంగారులో మరిచిపోయి లాగుతూ నిలబడ్డాను. ఎవరో వెనక నుంచి నెడితే పడ్డట్టే లోపలికి వెళ్ళాను.

ఆమె కుర్చీలో ఉంది. రెండు చేతులతో కుర్చీ పక్కలు గట్టిగా పట్టుకుంది. డాక్టరు నుదుటి నిండా చెమట. చేతిలో మర తిరుగుతోంది. కిటికీ అవతలి నుంచి “సరిచెయ్యి! సరిచెయ్యి!” అని కేకలు.

“ఒక్క పది నిమిషాలమ్మా. అటు వైపు కూడా తీసేస్తే రెండూ సమానమైపోతాయి,” అంటున్నాడు. అది ఆమెతో అంటున్నాడో, తనకు తను చెప్పుకుంటున్నాడో తెలియలేదు.

“సమానం చెయ్యనీకె గది బండి చక్రమా సార్? జర ఆగున్రి. మెడ చూడున్రి, కట్టె తీర్గ బిగిసింది,” అంటోంది భూపాలపల్లి మేడమ్. ఆయనకు వినబడడం లేదు. ఒక్క వేలు పట్టే సందులోకి మరను పోనివ్వడానికి వంగాడు.

“సార్, మర ఆపండి!”

“ఇప్పుడా వచ్చేది? పక్కకు తప్పుకో.”

“అది జర్మనీ కాగితం కాదు సార్. ఆఫీసు కార్బన్. నేనే కత్తిరించి డబ్బాలో పెట్టిన. మీరు అరగదీసిన పన్ను ఎత్తుగా లేదు. తప్పు నాది.”

మర ఆగింది. తలుపు దగ్గర ఉన్న అన్నకు మొత్తం వినబడింది. నన్ను, నా కండువాను, డాక్టరును మార్చి మార్చి చూశాడు.

“సారును బచాయిస్తున్నవా అన్నా? నీకేమన్న ముట్టిందా?”

“నిజం చెప్తున్న తమ్మీ.”

అతని భుజం మీంచి మా దవాఖాన ఆయమ్మ తొంగి చూసింది. “గీయన మాట నమ్ముతరా బిడ్డా? గోదావరి చాప కడుపుల పండ్లు దొరికినయ్ అన్నోడు గీయనే!”

బతుకంతా చెప్పిన కథలన్నీ ఒక్కసారి వడ్డీతో నా నెత్తి మీదికి వచ్చాయి. పొద్దుటి నుంచి అబద్ధానికి రోడ్లు తెరుచుకున్నాయి. నిజానికి ఒక గది కూడా తెరుచుకోవడం లేదు. మాటతో పని జరగదని అర్థమైంది. సొరుగు లాగి, ఆ పాత డబ్బాలోంచి కార్బన్ ముక్క ఒకటి తీసి అన్నకు చూపించాను.

“నీ పండ్లు మంచిగున్నయా?”

“ఇనుము కొరుకుత.”

“గిది కొరుకు.”

కొరికాడు. నోరు తెరవమన్నాను. తగిలిన పన్ను, తగలని పన్ను, పెదవి, నాలుక అంతా నీలం.

“గివన్ని ఎత్తుగున్నయా? అన్ని అరగదియ్యాల్నా? గిదే కాయితం నీ చెల్లె నోట్ల పెట్టిన. సారుకు మాత్రం కొత్త సరుకని చెప్పిన.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అన్న నవ్వలేదు. నీలి పెదవులు తుడుచుకుని రెండడుగుల్లో వచ్చి నా కండువా పట్టుకుని గుంజాడు.

“గిది మెడల ఏసుకొని గీ పని చేస్తవ్ రా?”

అంచు కుట్టు పర్రున ఊడింది. దారం పోగు ఒకటి వేలాడింది. కొట్టినా న్యాయమే అనుకుని కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిస్తే ఆమె కుర్చీ దిగి మా మధ్య నిలబడి ఉంది. వాళ్ళ భాషలో అన్నతో నాలుగు మాటలంది, పళ్ళ సందులోంచి. అతను చేయి వదిలాడు.

మొదటి రోజు అడగాల్సింది అప్పుడు అడిగాను. “నువ్వేం పని చేస్తవ్ చెల్లె?”

మాట్లాడడం కష్టమై, ఆమె నా కండువా అంచును రెండు వేళ్ళతో పట్టుకుని చూపించింది.

“ఆమె కుట్టిందే గది,” అన్నాడు అన్న. గొంతు తగ్గింది. “ఇక్కడి జెండలు, కండువలు మస్తు ఆమె మిషిన్ మీదివే. మీటింగులు మొదలైనంక పొద్దుగాల కూసుంటె పొద్దుగూకేదాక లేస్తలేదు.”

ఆమె ఇవేవీ వింటున్నట్టు లేదు. ఊడిన కుట్టు వైపే చూస్తోంది. కుట్టేవాళ్ళకు వేలాడే దారం కంట్లో నలుసు. పోగును వేలికి చుట్టి, అలవాటు కొద్దీ నోటి దగ్గరికి తీసుకుంది. దవడ ముందుకు, కుడి పక్కకు జారింది. అందరికీ వినబడేలా టిక్కుమంది. దారం తెగింది. ఆమె చెవి పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది.

నేను డబ్బా మూత తీసి, అచ్చులను ముందుకు, పక్కకు జరిపి గాట్లు కలిపాను. చేతిలోనూ అదే దవడ, ఎదురుగానూ అదే దవడ.

మేడమ్ ఆమె మెడ మీద చేయి వేసింది. “రోజంత గట్లనే వంగుతవా బిడ్డా? మిషిన్ ఎంత ఎత్తుంటది?”

డాక్టరు మరను పళ్ళెంలో పెట్టాడు. అది ఖంగుమని మోగింది.

జనం చెదిరిపోయాక నా ఉద్యోగానికి నీళ్ళు వదులుకుని ఆయన ముందు నిలబడ్డాను. ఆయన అచ్చులను తన చేతిలోకి తీసుకున్నాడు.

“మందంగా ఉందని అడిగాను కదయ్యా. వేళ్ళకు తెలిసింది. అయినా అరగదీశాను. ఆమె పని ఏమిటని నేనూ అడగలేదు.” చీటీ తీసుకుని ‘కూలి’ కొట్టేసి ‘దర్జీ’ అని రాశాడు. జరిగిందంతా కేసు కాగితం మీద ఉన్నదున్నట్టు రాసి, కింద తను సంతకం చేసి, కలం నాకు ఇచ్చాడు. పైవాళ్ళు నాకు మెమో ఇచ్చారు. దానికి నేను రాసిన జవాబు నా ఉద్యోగ జీవితంలో అతి పొట్టి కథ. “నిజమే.”

తర్వాత ఆమె నోట్లో మర పెట్టలేదు. నిద్రలో తొడుక్కునే ప్లాస్టిక్ పలక ఒకటి ఆమె పై పళ్ళకు సరిపోయేలా చేశాను, అసలు నీలి కాగితం వచ్చాకే సరిచూశాను. నాలుకను అంగిలికి ఆనించి మెల్లగా నోరు తెరవడం, వేడి గుడ్డ కాపడం మేడమ్ నేర్పింది. కుట్టు మిషన్ కింద రెండు ఇటుకలు పెట్టించింది. దారానికి చిన్న కత్తెర ముంజేతికే కట్టించింది. చెవి డాక్టరు చుక్కల మందు మాన్పించాడు. అలా కొన్ని నెలలు గడిచాయి. ఒక రోజు వచ్చి, కుర్చీలో కూర్చోకముందే ఇంచుల టేపు తీసి, తన నోరు తనే కొలుచుకుని చూపించింది.

“ఇంచున్నర మీద ఒక గీత,” అంది. ఆమె మాట నాకు పూర్తిగా వినబడడం అదే మొదటిసారి.

తండాలో ఈ కథ ఆమె చెప్పేది వేరేగా ఉంటుందట. అందులో నేను పది చోట్ల అడ్డంకులు దాటుకుని, పోలీసులకు దొరక్కుండా, ఆమె దవడను టిఫిన్ డబ్బాలో దాచి తెచ్చానట. విన్నప్పుడు దిద్దబోయి ఊరుకున్నాను. తనకు జరిగినదాన్ని పెంచి చెప్పుకునే హక్కు ఆమెది. నాది కాదు.

ఆ అచ్చులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. విరమణ రోజు అన్నీ అప్పగించాను గానీ అవి ఇవ్వలేదు. కథ నోటి దాకా వచ్చినప్పుడల్లా డబ్బా తెరిచి, ఎడమ వైపు కింది దవడ పన్ను మీద వేలు పెట్టి చూస్తాను. మర పెట్టకముందు తీసిన అచ్చు అది. మొన వేలికి గుచ్చుకుంటుంది. ఆమె నోట్లో ఆ చోటు నున్నగా ఉంటుంది. ఆ మొన ఇప్పుడు సుద్దలో, నా దగ్గర మాత్రమే ఉంది.